పాత సీజియం గేజ్‌లను ఫ్యాక్టరీ గేటు దాటించడం: మొదటి ఉత్తరం నుంచి చివరి రసీదు దాకా

చాలా సిమెంటు ఫ్యాక్టరీల్లో ముడిపొడిని కాల్చే ముందు వేడిచేసే ప్రీహీటర్ టవర్ ఉంటుంది. అందులో పొడిని వేడిగాలి నుంచి వేరుచేసే సైక్లోన్ అడుగున కోన్ సన్నబడే చోట, ఒక పక్కన పసుపు రంగేసిన బరువైన ఇనుప డబ్బా ఉంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా అవతలి పక్కన ఒక డిటెక్టర్. డబ్బా లోపల సీసం, ఆ సీసం నడుమ చిటికెన వేలి గోరంత స్టీలు గుళిక, ఆ గుళికలో సీజియం-137. అది వదిలే గామా కిరణాలు కోన్‌ను దాటి డిటెక్టర్‌కు అందుతున్నంతసేపూ పొడి సాఫీగా దిగుతున్నట్టు లెక్క. సైక్లోన్ జామ్ అయి పొడి పేరుకుందంటే కిరణాలు అందవు, కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. అడుగు సైక్లోన్‌లో వేడి 800 డిగ్రీల పైమాటే. లోపల పెట్టిన పరికరం ఎక్కువకాలం నిలవడం కష్టం కాబట్టి బయట నుంచి తొంగిచూసే ఈ గేజ్‌లు వచ్చాయి.

ఇక్కడ రాస్తున్నది 1996లో బిగించి 2024లో కిల్న్ (ముడిపొడిని కాల్చే పెద్ద కొలిమి) షట్‌డౌన్‌లో విప్పిన నాలుగు గేజ్‌ల సంగతి. రేడియేషన్ భద్రతాధికారిగా, అంటే అందరూ ఆర్‌ఎస్‌ఓ అని పిలిచే బాధ్యతలో, ఆ పని మొత్తం నడిపాను. మొదటి ఉత్తరం నుంచి చివరి రసీదు దాకా పదకొండు నెలలు పట్టింది. అందులో నాలుగింటినీ విప్పి కిందికి దించడానికి పట్టింది రెండే రోజులు. మిగతా కాలమంతా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే సరిపోయింది: ఈ డబ్బాలో ఉన్నది ఫలానా నంబరు సోర్సే, అంటే ఫలానా సీజియం గుళికే అని మీకెలా తెలుసు? ఈ పని తలపెట్టే ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు, కొత్త ఆర్‌ఎస్‌ఓలకు ముందే చెప్పాల్సింది ఇదే. రేడియేషన్‌ను కొలవడానికి మీటరుంది. గుర్తింపు తప్పితే దాన్ని పట్టుకునే మీటరు లేదు.

మన దేశంలో వీటి మీద పెత్తనం అణుశక్తి నియంత్రణ మండలిది, అంటే ఏఈఆర్‌బీది. 1983 నవంబరు 15న ఏర్పడింది, ముంబై అణుశక్తినగర్‌లోని నియామక్ భవన్ నుంచి పనిచేస్తుంది. 1962 అణుశక్తి చట్టం కింద 1987లో వచ్చిన రేడియోధార్మిక వ్యర్థాల విసర్జన నియమాలు, 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నియమాలు, ఈ రెండూ మనకు ముఖ్యం. రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్) అయినా, నాలుగు గేజ్‌లున్న సిమెంటు ఫ్యాక్టరీ అయినా వ్యర్థాల నియమాలు అవే. స్థాయి వేరు, అనుమతుల మెట్లు వేరు, అంతే. వాడకం ఆగిన సోర్సును ఇష్టమొచ్చిన చోట పాతిపెట్టడానికి, అమ్మడానికి, పక్క ఫ్యాక్టరీకి ఇవ్వడానికి మనకు హక్కు లేదు. సోర్సు పోయినా, దానివల్ల ప్రమాదం జరిగినా 24 గంటల్లో ఏఈఆర్‌బీకి తెలపాలి. పోలీసులకూ చెప్పాలి.

ఇంత పట్టింపు ఎందుకో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది చూస్తే అర్థమవుతుంది. విశ్వవిద్యాలయంలో 1985 నుంచి వాడకుండా మూలన పడి ఉన్న గామా యంత్రాన్ని వేలంలో పాత ఇనుము కింద అమ్మేశారు. స్క్రాప్ దుకాణంలో దాన్ని పగలగొట్టేసరికి లోపలి కోబాల్ట్-60 కడ్డీలు బయటపడ్డాయి. చాలామంది జబ్బుపడ్డారు, ఒకాయన ప్రాణం పోయింది. అంతకు ముందు 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, మూతపడ్డ ఆసుపత్రిలో వదిలేసిన సీజియం సోర్సు స్క్రాప్ వాళ్ల చేతిలో పడి నలుగురు చనిపోయారు. రెండుచోట్లా యంత్రం దానంతటదే చెడలేదు, కవచం దానంతటదే పగల్లేదు. అది ఏమిటో తెలిసిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కాగితం మరుగున పడింది. మన ప్రాంతంలో ఫ్యాక్టరీలు చేతులు మారుతుంటాయి, కొన్ని దివాలా తీసి వేలానికి వస్తుంటాయి. ఆస్తుల జాబితాలో మోటార్లు, గేర్‌బాక్సులు, కేబుళ్లు మీటర్లతో సహా రాస్తారు. పసుపు డబ్బాలను మాత్రం 'ఇన్‌స్ట్రుమెంట్లు, ఒక లాట్' అని రాసేస్తారు. అలాంటి జాబితా చూసినప్పుడల్లా నాకు గుండె దడ.

ఇక పనిలోకి. ప్రతి గేజ్‌కూ మూడు నంబర్లుంటాయి. గుళిక నంబరు ఒకటి. ఇది తయారీదారు ఇచ్చిన సోర్సు సర్టిఫికెట్ మీద ఉంటుంది, గుళిక కంటికి కనపడదు. రెండోది డబ్బా నంబరు, అంటే సోర్స్ హోల్డర్ నేమ్‌ప్లేట్ మీదిది. మూడోది మన ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం ఇచ్చిన ట్యాగ్ నంబరు, ఇది స్థలానికి చెందినది. ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ వ్యవస్థ ఈలోరాలో మన సంస్థ పేరిట ఉన్న జాబితా ఈ మూడింటితోనూ సరిపోవాలి. మాకు సరిపోలేదు. ఎప్పుడో ఒక షట్‌డౌన్‌లో రిఫ్రాక్టరీ (లోపలి వేడి తట్టుకునే ఇటుకల) పని కోసం రెండు హోల్డర్లు విప్పి, తిరిగి బిగించేటప్పుడు ఒకదాని చోట ఒకటి పెట్టారు. ట్యాగ్ ప్లేట్లు స్థలంలోనే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి రిజిస్టర్‌లో తప్పు నంబరు మీదే తనిఖీ సంతకాలు పడుతూ వచ్చాయి.

నేమ్‌ప్లేట్ చదవడమే మొదటి పరీక్ష. ఇరవై ఎనిమిదేళ్ల దుమ్ము, దాని మీద రెండు మూడు పూతల పెయింటు. వైర్ బ్రష్ పెట్టొద్దు, గ్రైండర్ అసలే వద్దు. కొట్టిన అంకెలు లోతుగా ఉండవు, గీతలు పడితే ఇక చదవలేం. షటర్ (కిరణాలను బయటికి వదిలే, ఆపే మూత) మూసి తాళం వేశాక, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో, మెత్తటి నైలాన్ బ్రష్‌తో తుడవాలి. ఆరాక సుద్దపొడి రుద్ది, టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేస్తే అంకెల గుంతలు తేలతాయి. 3కూ 8కీ మధ్య అనుమానం వస్తే మూడు కోణాల నుంచి ఫొటోలు తీసి కిందికొచ్చి చూసుకోవాలి, డబ్బా దగ్గరే నిలబడి వాదించుకోకూడదు. హోల్డర్‌కు ఆనించి కొలిస్తే 90 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత), మీటరు దూరంలో 3 మైక్రోసీవర్ట్, గంటకు. భయపడాల్సిన లెక్క కాదు. అలాగని అక్కడ నిలబడి తీరుబడిగా చర్చించుకోవడమూ పని కాదు.

ఒకదానికి నేమ్‌ప్లేటే లేదు, రివెట్లు ఊడిపోయి ఎక్కడో పడింది. ఇలాంటప్పుడు చేతిలో పట్టుకునే గామా స్పెక్ట్రోమీటర్ కావాలి. సీజియం-137 అయితే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర ఒకే శిఖరం వస్తుంది, కోబాల్ట్-60 అయితే 1173, 1332 దగ్గర రెండు. సీజియం అని తేలాక, అదే మోడల్ హోల్డర్లు మూడింటితో పోల్చి అదే దూరాల్లో రీడింగులు తీశాం, దగ్గరదగ్గరగా వచ్చాయి. కొన్నవి నాలుగు, నంబర్లు తేలినవి మూడు, కాబట్టి మిగిలిన సర్టిఫికెట్ దీనిదే. ఈ తీసివేత లెక్కను ఫొటోలతో, స్పెక్ట్రమ్‌తో, రీడింగుల పట్టికతో రాతపూర్వకంగా పెట్టాలి. నోటిమాటగా చెబితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

యాక్టివిటీ, అంటే సోర్సులో రేడియోధార్మికత ఎంత ఉందన్న లెక్క సులువే, కానీ తప్పకుండా కొత్తగా వేయాలి. కొన్నప్పుడు ఒక్కోటి 100 మిల్లీక్యూరీలు, అంటే 3.7 గిగా బెక్వెరల్. సీజియం-137 సగమయ్యే కాలం 30.1 ఏళ్లు. 28 ఏళ్ల తర్వాత మిగిలేది 52.5 మిల్లీక్యూరీలు, 1.94 గిగా బెక్వెరల్. దరఖాస్తులో పాత అంకె వేసి, ప్యాకేజీ లేబుల్ మీద కొత్త అంకె వేస్తే రెండు వేర్వేరు సోర్సుల్లా కనపడతాయి. ఏ తేదీకి లెక్కించామో పక్కనే రాయాలి. 'సగమైపోయింది కదా, ఇంకేముంది' అనేవాళ్లుంటారు. కవచం లేకుండా ఆ గుళిక నుంచి మీటరు దూరంలో గంటకు 170 మైక్రోసీవర్ట్ దాకా వస్తుంది. దూరం తగ్గితే మోతాదు వర్గంలో పెరుగుతుంది కాబట్టి 5 సెంటీమీటర్ల దగ్గర అది నాలుగు వందల రెట్లు, గంటకు దాదాపు 70 మిల్లీసీవర్ట్. సాధారణ ప్రజలకు ఏడాది మొత్తానికి పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్ట్. మెరుస్తోందని ఎవరైనా ఆ గుళికను జేబులో వేసుకుంటే ఆ హద్దు నిమిషంలోపే దాటిపోతుంది.

తర్వాతి మెట్టు: తీసుకునేదెవరు? మొదటి దారి, అమ్మిన సంస్థకే తిరిగి పంపడం. కొనేటప్పుడే 'పనికాలం అయ్యాక తిరిగి తీసుకుంటాం' అన్న మాట కాగితం మీద ఉంటే అదృష్టం. మా సరఫరాదారు విదేశీ సంస్థ. మధ్యలో చేతులు మారింది, ఆ మోడలే ఆపేసింది. మూడు నెలలు ఉత్తరాలు తిరిగాయి, చివరికి తీసుకోలేమన్నారు. ఆ తిరస్కారాన్ని కూడా లెటర్‌హెడ్ మీద తెప్పించుకోండి, తర్వాతి దారికి అదే ఆధారం. రెండో దారి, దేశంలోని అధీకృత కేంద్రాలు. ముంబై ట్రాంబేలో, తమిళనాడు కల్పాక్కంలో అణుశక్తి శాఖ కింద వ్యర్థాల నిర్వహణ కేంద్రాలున్నాయి. మాకు కల్పాక్కం దగ్గర. ముందు వాళ్ల అంగీకార పత్రం, చెల్లించాల్సిన రుసుము సంగతి తేలాలి, దాంతో ఈలోరాలో దరఖాస్తు, ఏఈఆర్‌బీ అనుమతి వచ్చాకే బండి కదలాలి. ఈ వరస తారుమారు చేసి, అనుమతి వస్తుందిలే అని ముందే లారీ మాట్లాడుకుంటే వెయిటింగ్ చార్జీలు తప్ప ఏమీ మిగలదు.

దరఖాస్తుతో లీక్ టెస్టు నివేదిక కావాలి. గుళిక పగిలి సీజియం బయటికి ఊరుతోందా అన్నది తేల్చేది ఇదే. గుళికను నేరుగా తుడవలేం. షటర్ మూసి, హోల్డర్ ముందు భాగంలో, షటర్ ఇరుసు చుట్టూ, బోల్టుల సందుల్లో స్పిరిట్‌తో తడిపిన వడపోత కాగితాన్ని పొడవాటి పటకారుతో తుడిచి, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టి, హోల్డర్ నంబరు రాసి ప్రయోగశాలకు పంపాలి. 200 బెక్వెరల్ దాటితే లీకైనట్టే. మామూలు సర్వే మీటరు అంత తక్కువను నమ్మకంగా చూపలేదు, కాబట్టి 'మీటరు కదల్లేదు, లీకు లేదు' అని మనమే రాసుకోవడం చెల్లదు. సిమెంటు దుమ్ము కాగితానికి మందంగా అంటుకుంటే లెక్క దెబ్బతింటుంది, కాబట్టి ముందు పొడిగుడ్డతో పైపై దుమ్ము తీయాలి. ఆ గుడ్డను కూడా పారేయకుండా నివేదిక వచ్చేదాకా కవర్లో ఉంచాలి.

మా దరఖాస్తు రెండుసార్లు వెనక్కొచ్చింది. ఒకసారి హోల్డర్ నంబర్లు తారుమారైన సంగతికి వివరణ చాలలేదని. ఇంకోసారి పేరు. 1996 నాటి అనుమతి ఒక కంపెనీ పేరున ఉంది, విలీనం తర్వాత పేరు మారింది, అంగీకార పత్రంలో కొత్త పేరు, సర్టిఫికెట్లో పాత పేరు. విలీనం ఉత్తర్వు నకలు జతచేస్తే సరిపోయింది. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఇవి నేను ముందే ఊహించి జతచేసి ఉంటే ఆరు వారాలు మిగిలేవి.

షట్‌డౌన్ తేదీ అనుమతి కోసం ఆగదు, కాబట్టి విప్పిన సోర్సుల్ని కొంతకాలం దాచే చోటు ముందే సిద్ధంగా ఉండాలి. మనుషులు కూర్చునే చోటుకు, క్యాంటీన్‌కు, పేలుడు పదార్థాల గోదాముకు దూరంగా కాంక్రీట్ గది, అందులో నేల మట్టానికి లోపల గుంత, గుంతకు ఇనుప మూత. గది గోడ బయట రీడింగ్ ఎంత ఉండాలో ఇలా లెక్కవేశాం: గోడ అవతల ఎవరైనా ఏడాదికి 2000 గంటలు పనిచేసినా 1 మిల్లీసీవర్ట్ దాటకూడదంటే గంటకు 0.5 మైక్రోసీవర్ట్. మాకు 0.2 వచ్చింది, అందులో సగానికి పైగా నేల నుంచి సహజంగా వచ్చేదే. రెండు తాళాలు, ఒకటి సెక్యూరిటీ దగ్గర, ఒకటి ఆర్‌ఎస్‌ఓ దగ్గర. తాళం తీసిన ప్రతిసారీ రిజిస్టర్‌లో వేళ, కారణం, లోపల లెక్కపెట్టిన హోల్డర్ల సంఖ్య. 'ఉన్నాయి' అని రాయనివ్వలేదు, నంబర్లు రాయించాం. వానాకాలంలో గుంతలోకి నీరు ఊరుతుంది. తుప్పు పట్టేది అక్కడే, కాబట్టి హోల్డర్లను ఇటుకల మీద ఎత్తి పెట్టాలి.

విప్పే రోజు. కిల్న్ చల్లారింది, సైక్లోన్ ఖాళీ. అసలు అపాయం ఇక్కడుంది. కిల్న్ నడుస్తున్నప్పుడు ఎవరూ లోపలికి వెళ్లలేరు. షట్‌డౌన్‌లో శుభ్రం చేయడానికి, ఇటుక పేర్చడానికి మనుషులు కోన్ లోపలికే దిగుతారు, షటర్ తెరిచి ఉంటే కిరణాల దారిలో నిలబడ్డట్టే. కాబట్టి సైక్లోన్‌లోకి దిగే వర్క్ పర్మిట్ మీద ఆర్‌ఎస్‌ఓ సంతకం లేకుండా మ్యాన్‌హోల్ తెరవకూడదు. షటర్ మూసుకుందని రెండు రకాలుగా తేల్చుకోవాలి. హోల్డర్‌కూ సైక్లోన్ గోడకూ మధ్య సందులో సర్వే మీటరు రీడింగ్ పడిపోవాలి, కంట్రోల్ రూమ్‌లో ఆ సైక్లోన్ జామ్ అలారం రావాలి. మీటరు పనిచేస్తోందో లేదో ముందు చెక్ సోర్సుతో (మీటరు పరీక్షకు వాడే బలహీనమైన సోర్సు) చూసుకోవాలి. బలమైన కిరణాల్లో కొన్ని జీఎం (గైగర్-ముల్లర్) మీటర్లు ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తాయి, ఆ సున్నాను నమ్మితే మోసపోయినట్టే.

మూడు సవ్యంగా మూసుకున్నాయి. నాలుగోదానికి హ్యాండిల్ 'ఆఫ్' దగ్గరికి తేలిగ్గా తిరిగింది, అలారం రాలేదు. ఆ తేలికే అనుమానం పుట్టించింది, మిగతా మూడింటికి రెండు చేతులు పట్టాల్సి వచ్చింది మరి. హ్యాండిల్‌ను లోపలి రోటర్‌తో కలిపే పిన్ను తుప్పుపట్టి తెగిపోయింది. బయట బాణం 'మూత' చూపిస్తోంది, లోపల సోర్సు తెరిచిన చోటే ఉంది. వెంటనే ఆ అంతస్తూ, పైనా కిందా అంతస్తులూ ఖాళీ చేయించి, తాడు కట్టి, సంగతి ఏఈఆర్‌బీకి రాసి, అధికారం ఉన్న సర్వీస్ ఇంజనీరు వచ్చేదాకా ఆపేశాం. ఆయన చేసింది చూడ్డానికి ఏమీ లేనంత నెమ్మదైన పని. కిరణాల దారికి పక్కగా నిలబడి, హోల్డర్‌కూ గోడకూ నడుమ 25 మిల్లీమీటర్ల సీసం పలక జారవిడిచారు. సీజియం కిరణాలను సగం చేయడానికి ఆరున్నర మిల్లీమీటర్ల సీసం చాలు, 25 మిల్లీమీటర్లకు అవి సుమారు పద్నాలుగో వంతుకు తగ్గుతాయి. తర్వాత ఇరుసు చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి గంటసేపు వదిలేశారు. పొడవాటి పిడి ఉన్న స్పానర్‌తో ఇరుసును నేరుగా పట్టి తిప్పితే కిర్రుమంటూ కదిలింది, కంట్రోల్ రూమ్ నుంచి వాకీటాకీలో 'అలారం వచ్చింది సార్' అన్నారు. సుత్తితో కొట్టి ఉంటే ఇరుసే విరిగేది, అప్పుడు ఆ షటర్‌ను మూసే దారే ఉండేది కాదు.

ఇంకో చిక్కు బోల్టులతో. వేడికి బిగుసుకుపోయాయి. ఫిట్టర్ అన్నాడు, 'సార్, గ్యాస్ కటింగ్ పెడితే పది నిమిషాల పని.' మిగతా చోట్లయితే అదే సరైన సలహా. ఇక్కడ వద్దు అన్నాం, ఎందుకో కూడా చెప్పాం: 'డబ్బా నిండా సీసమన్నా, 327 డిగ్రీలకే కరుగుతుంది. కవచం కరిగి కారిపోతే ఇక దాని దగ్గరికి పోలేం.' హైడ్రాలిక్ నట్ స్ప్లిట్టర్‌తో నట్లు చీల్చాం. వెల్డింగ్ కూడా అంతే, గేజ్ బిగించి ఉన్న బ్రాకెట్‌కు దగ్గరలో చేయనివ్వకూడదు. ఒక్కో హోల్డర్ 60 కిలోలు. రెండు స్లింగులు, చైన్‌పుల్లీ, కింద నిలబడేవాళ్లు ఎవరూ లేకుండా దించడం. జేబు డోసిమీటర్లలో రెండు రోజులకు కలిపి ఎక్కువ పడ్డ మనిషికి 18 మైక్రోసీవర్ట్, ఒక ఛాతీ ఎక్స్‌రే అంత. ఆ అంకెను ఫిట్టర్లకు చూపించి, వాళ్ల పేర్లతోనే రిజిస్టర్‌లో రాశాం. పనిచేసినవాడికి తన లెక్క తెలియాలి.

అనుమతి వచ్చాక ప్యాకింగ్. హోల్డర్ పటిష్ఠంగా ఉంది కదా, అలాగే లారీ ఎక్కిస్తే పోలా అనిపిస్తుంది. అది టైప్-ఎ ప్యాకేజీగా నమోదై ఉంటేనే కుదురుతుంది. టైప్-ఎ అంటే నీటి జల్లు, 1.2 మీటర్ల నుంచి పడేయడం, తన బరువుకు ఐదింతలు మోయడం, మీటరు ఎత్తు నుంచి పడే 6 కిలోల కడ్డీ దెబ్బ, వీటన్నిటికీ తట్టుకున్నది. మా పాత మోడల్‌కు ఆ కాగితం లేదు, కాబట్టి నమోదైన డ్రమ్ములు అద్దెకు తెచ్చి, హోల్డర్ కదలకుండా చెక్క దిమ్మలు బిగించి పెట్టాం.

ఇక్కడ ఒక సూక్ష్మం చాలామందికి జారిపోతుంది. గుళికకు 'స్పెషల్ ఫారం' సర్టిఫికెట్ (దెబ్బకూ వేడికీ పగలదని పరీక్షించి ఇచ్చేది) చెల్లుబాటులో ఉంటే ప్యాకేజీ మీద ప్రమాదకర సరుకుల గుర్తింపు నంబరు యూఎన్ 3332 అని రాయాలి. మా సర్టిఫికెట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది, కాబట్టి యూఎన్ 2915. టైప్-ఎలో పట్టే పరిమితి అప్పుడు 2 టెరా బెక్వెరల్ నుంచి 0.6కు తగ్గుతుంది. మనది 0.002 కూడా లేదు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ పాత ఫైలు చూసి 3332 అని అచ్చేయిస్తే డ్రమ్ము మీద ఒక నంబరు, డిక్లరేషన్‌లో ఒక నంబరు అవుతుంది.

డ్రమ్ము బయట గంటకు 60 మైక్రోసీవర్ట్, మీటరు దూరంలో 2.4. మీటరు దూరపు అంకెను మిల్లీసీవర్ట్‌లోకి మార్చి నూరుతో హెచ్చించి, మొదటి దశాంశానికి పైకి సవరిస్తే వచ్చేదే ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్. ఇక్కడ 0.3. ఉపరితలం మీద 0.5 మిల్లీసీవర్ట్ లోపు, ఇండెక్స్ 1 లోపు కాబట్టి రెండో పసుపు తరగతి లేబుల్, ఎదురెదురు పక్కల రెండు. లేబుల్ మీద ఐసోటోప్ పేరు, బెక్వెరల్‌లో యాక్టివిటీ, ఇండెక్స్. 50 కిలోలు దాటింది కాబట్టి డ్రమ్ము మీద మొత్తం బరువు కూడా. మిల్లీక్యూరీల్లో రాస్తే ఒప్పుకోరు.

బండితో పాటు పంపినవాళ్ల డిక్లరేషన్, అనుమతి నకలు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ట్రెమ్ కార్డు, రవాణాదారుకు రాతపూర్వక సూచనలు ఉండాలి. ట్రెమ్ కార్డు ఇంగ్లిషులో ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవడం రివాజు. మా డ్రైవర్‌కు తెలుగు, కొంచెం తమిళం వచ్చు. తెలుగులో రాసి చదివించాం, తిరిగి చెప్పించుకున్నాం: బండి బోల్తాపడితే ముందు మనుషుల్ని కాపాడు, డ్రమ్ముల దగ్గరికి ఎవరినీ రానివ్వకు, ఈ నంబర్లకు ఫోన్ చెయ్యి. డ్రైవర్ సీటు దగ్గర గంటకు 20 మైక్రోసీవర్ట్ దాటకూడదు, మాకు 1 లోపే వచ్చింది. బండికి రెండు పక్కలా, వెనకా త్రికోణపు రెక్కల గుర్తు బోర్డులు. ప్రయాణికులు, తిండి సరుకులు ఎక్కించకూడదు. రాత్రి ఆగే చోటు ముందే నిర్ణయించి, దారిలోని పోలీసులకు తెలిపాం.

చేరిన చోట సోర్సు ఏమవుతుందని అడుగుతుంటారు. సీజియం లాంటివి సిమెంటు మిశ్రమంలో బంధించి, నేలకు దగ్గరగా కట్టిన కాంక్రీట్ నిర్మాణాల్లో భద్రం చేసే పద్ధతి ఉంది. పది సగకాలాలు, అంటే సుమారు 300 ఏళ్లకు అది వెయ్యో వంతుకు పడిపోతుంది, అంతకాలం ఆ చోటు కాపలాలో ఉంటే చాలు. మందం కొలిచే కొన్ని గేజ్‌ల్లో, తేమ కొలిచే పరికరాల్లో వాడే అమెరీషియం-241కు ఈ దారి చాలదు, దాని సగకాలం 432 ఏళ్లు. అలాంటివి మీ దగ్గర ఉంటే పనికాలం అయ్యేదాకా ఆగకండి. తిరిగి తీసుకునే ఒప్పందం ఇప్పుడే వెతికి పట్టుకోండి.

డ్రమ్ములు దిగాయని డ్రైవర్ ఫోన్ చేస్తే పని అయిపోయినట్టు కాదు. కేంద్రం ఇచ్చే రసీదులో గుళిక నంబర్లు మన దరఖాస్తులోని వాటితో అంకె అంకె సరిచూసుకోవాలి. మాకు ఒకచోట రెండంకెలు తారుమారై టైపైంది, సవరించిన రసీదుకు ఇంకో పది రోజులు. అది ఈలోరాలో ఎక్కించాక మన జాబితాలోంచి ఆ నాలుగూ తొలగాయి. తర్వాత దాచిన గదినీ, నాలుగు సైక్లోన్ల దగ్గరా మళ్లీ సర్వే చేసి, బ్రాకెట్లు తుడిచి కాగితాలు పరీక్షకు పంపి, ఫలితాలు ఫైల్లో పెట్టాం. రీడింగులు 0.1, 0.15, అంటే చుట్టుపక్కల నేల చూపించేదే. బ్రాకెట్ రంధ్రాల నుంచి సైక్లోన్‌లోకి గాలి పీల్చకుండా ప్లేట్లు వేసి వెల్డ్ చేయించాం, ఈసారి గ్యాస్ కటింగ్‌కూ వెల్డింగ్‌కూ అడ్డు చెప్పాల్సిన పని లేదు. చివరగా టవర్ మీది హెచ్చరిక బోర్డులు నాలుగూ విప్పి, లెక్కపెట్టి, స్టోర్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాం. సోర్సు లేని చోట బోర్డు వేలాడుతుంటే, ఉన్న చోట బోర్డును చదవడం జనం మానేస్తారు.